గోకుల్‌ధామ్ కథకు మీరే ముగింపు రాయండి

'తారక్ మెహతా కా ఉల్టా చష్మా' నిర్మాతకు, దర్శకులకు, రచయితలకు నమస్కారం.

ముంబైలో తయారయ్యే హిందీ సీరియల్ గురించి తెలుగులో ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. మీ గోకుల్‌ధామ్ సొసైటీ మా ఇళ్ళలోకి వచ్చి చాలా ఏళ్ళయింది. హిందీ వచ్చినవాళ్ళం హిందీలోనే చూశాం. రానివాళ్ళ కోసం 'తారక మామా అయ్యో రామా' పేరుతో ఈటీవీ ప్లస్‌లో తెలుగు మాటలతోనూ వచ్చింది. మీ ప్రేక్షకుల్లో మేమూ ఉన్నాం. అందుకే ఒక మాట అడిగే చనువు తీసుకుంటున్నాను.

ఆ మాట ముందే చెప్పేస్తాను. సీరియల్ ఆపండి. రేపో ఎల్లుండో కాదు. ఒక తేదీ చెప్పండి, ఒక ఏడాది టైమ్ తీసుకోండి, ఒక్కొక్క ఇంటి కథనూ ఒక ఒడ్డుకు చేర్చి, మీ చేతులతో మీరే ముగించండి.

కోపంతో రాస్తున్న ఉత్తరం కాదు ఇది. కోపం ఉంటే చానల్ మార్చేదాన్ని. మా ఇంట్లో ఆ చానల్ ఎన్నడూ మారలేదు.

మా నాన్న పవర్‌లూమ్ పనికి ముంబై దగ్గరి భీవండి పోయినవాళ్ళలో ఒకరు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి ఎన్ని పద్మశాలి కుటుంబాలు అట్లా పోయాయో మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. అక్కా నేనూ ఆ మగ్గాల చప్పుడులోనే పెరిగాం. అమ్మకు హిందీ అక్కడే వచ్చింది, నల్లా దగ్గర, కూరగాయల బండి దగ్గర. 2008 జులై 28న మీ సీరియల్ మొదలైంది. అప్పటికి మాది ఒకటే గది, టీవీ బీరువా మీద ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు అమ్మ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. చూపు టీవీ మీద, వేళ్ళు తునికాకు మీద. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ చూడకుండానే చేసేది. సీరియల్‌లో జేఠాలాల్ భార్య దయా బెన్ గర్బా ఆట మొదలుపెడితే మాత్రం ఆ వేళ్ళు ఆగిపోయేవి. సగం చుట్టిన బీడీ చేతిలో అట్లాగే ఉండేది. ఆట అయిపోయాక "ఎంత హుషారుందమ్మా ఈ పిల్ల" అనుకుంటూ మళ్ళీ చుట్టడం మొదలుపెట్టేది.

దయ భర్తను పేరు పెట్టి పిలవదు, కొడుకు పేరు చెప్పి 'టప్పు కే పాపా' అంటుంది. మా అమ్మ కూడా నాన్నను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. అక్క పేరు చెప్పి, వాళ్ళ నాయిన అనేది. ఆ ఒక్క పిలుపుతో అహ్మదాబాద్ ఆడపడుచు మా అమ్మకు చుట్టమైపోయింది.

నాన్న పోయాక అమ్మ సిరిసిల్లకు తిరిగొచ్చేసింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను, అక్క ఇంకా అటే ఉంది. అమ్మ ఇప్పుడు ఒక్కతే ఉంటుంది. కళ్ళు మసకబారి బీడీలు మానేసింది. ఎనిమిదిన్నరకు టీవీ ముందు కూర్చోవడం మానలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ సీరియల్ ఆగిపోతే ఎక్కువ నష్టపోయేది మా అమ్మలాంటివాళ్ళే అని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. అందుకే ఇన్నేళ్ళూ ఈ మాట అనలేదు.

మొదట్లో మీరు చేసిన పని ఎంత గొప్పదో మీకు గుర్తు చేయాలని ఉంది. అప్పట్లో హిందీ సీరియల్ అంటే అత్తాకోడళ్ళ పగలు, పట్టుచీరలతో నిద్రపోయే ఆడవాళ్ళు, తలుపు చాటు కుట్రలు. మీరు గోరేగావ్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయాన్ని తీసుకొచ్చారు. కచ్ నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ వ్యాపారి జేఠాలాల్, ట్యూషన్లు చెప్పుకునే మరాఠీ మాస్టారు భిడే, కారు గ్యారేజీ నడిపే పంజాబీ సర్దార్ సోఢీ, ఆయన పార్సీ భార్య, తమిళ సైంటిస్టు అయ్యర్, ఆయన బెంగాలీ భార్య, పెళ్ళికాని విలేకరి పోపట్‌లాల్. మెట్ల కింద ఎవరో ఎవరినో చంపాలని చూడరు. టప్పు బంతి తగిలి భిడే కిటికీ అద్దం పగిలితే అదే ఆ రోజు కథ. రచయిత తారక్ మెహతా గారు 1971 నుంచి గుజరాతీ వారపత్రిక 'చిత్రలేఖ'లో రాసిన కాలమ్ నుంచి పుట్టిన కథలు కాబట్టి ఆ ఇళ్ళలో ఉప్పూ కారం నిజంగా ఉన్నట్టు ఉండేది. భిడే భార్య మాధవి భాభీ పచ్చళ్ళు, అప్పడాలు చేసి అమ్మి ఇంటి ఖర్చులో చెయ్యి వేస్తుంది చూడండి, అది మా అమ్మకు ఎంత నచ్చేదో. నెలాఖరున బీడీల పైసలు లెక్కపెట్టుకుంటూ "ఆమె అప్పడాలు, నా బీడీలు" అనేది. సొసైటీలో తెలుగువాళ్ళ ఇల్లు లేదన్నదొక్కటే ఆమెకు వెలితి. "మనోళ్ళ ఇల్లొక్కటి పెడితే ఏం పోయె" అని ఎన్నిసార్లు అన్నదో.

2014లో స్వచ్ఛ భారత్ మొదలుపెట్టినప్పుడు ప్రధాని పిలిచిన తొమ్మిది పేర్లలో మీ బృందం కూడా ఉంది. సినిమా తారలు, క్రికెటర్ పక్కన ఒక టీవీ కామెడీ బృందం. అది మీరు సంపాదించుకున్నది.

ఇక దయ సంగతి.

2017 సెప్టెంబర్‌లో దయగా నటించిన దిశా వకానీ గారు ప్రసూతి సెలవు మీద వెళ్ళారు, తిరిగి రాలేదు. ఆమెను నేను ఒక్క మాట కూడా అనను. బిడ్డల దగ్గర ఉండాలని ఒక తల్లి అనుకుంటే అది ఆమె ఇష్టం, అందులో ప్రేక్షకులకు హక్కేమీ లేదు. నేను అడుగుతున్నది కథ రాసేవాళ్ళను. ఆమె లేదన్న విషయాన్ని కథలో మీరు ఒప్పుకోలేదు. దయ అహ్మదాబాద్‌లో పుట్టింట్లో ఉందన్నారు, అమ్మకు తోడుగా ఉందన్నారు. నెల రోజులైతే సరే. ఏడాదైతే కూడా సరే. ఇన్నేళ్ళు పుట్టింట్లో ఉండిపోయిన ఆడపిల్ల గురించి మా ఊళ్ళో అయితే మూడో నెలకే పదిమంది వచ్చి అడుగుతారు. గోకుల్‌ధామ్‌లో అంతమంది ఇరుగుపొరుగు ఉండి, ఒకరి ఇంట్లో కూర ఏమిటో ఇంకొకరికి తెలిసే చోట, జేఠాలాల్‌ను కూర్చోబెట్టి "ఏమైంది భాయ్, ఆమె ఎందుకు రావడం లేదు" అని మనసు విప్పి అడిగినవాళ్ళు లేరు. అందరూ ఎదురుచూస్తారు అంతే.

మధ్యమధ్యలో వస్తోంది వస్తోంది అన్నారు. దయ తమ్ముడు సుందర్ ఫోన్ చేస్తాడు, జేఠాలాల్ ముఖం వెలిగిపోతుంది, ఆయన తండ్రి చంపక్‌లాల్ తాత కళ్ళు తుడుచుకుంటాడు, ఆడవాళ్ళు ముగ్గులు వేస్తారు. 2023 దీపావళికి కూడా అట్లాగే చెప్పారు. ఆ పండక్కి నేను సిరిసిల్లలోనే ఉన్నాను. అమ్మ పొద్దున్నించి "ఇయ్యాల రేపట్ల దయ వస్తదట బిడ్డా" అంటూనే ఉంది. పక్కింటి ఆమెకు కూడా చెప్పింది. ఎనిమిదిన్నరకు ముందే అన్నం తినేసి, కళ్ళద్దాలు చీర కొంగుతో తుడుచుకుని కూర్చుంది. ఒక రోజు గడిచింది, ఇంకో రోజు గడిచింది. రాలేదు. చివరికి టీవీ కట్టేసి లేస్తూ "రాలే" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, భర్త పోయిన మనిషి, ఇంట్లో ఒక్కతే ఉండే మనిషి, రావాల్సినవాళ్ళు రాకపోవడం అంటే ఏమిటో బాగా తెలిసిన మనిషి. ఆమె ఎదురుగా కూర్చుని ఆ రెండక్షరాలు విన్న రోజే ఈ ఉత్తరం నా మనసులో మొదలైంది.

ఎదురుచూపు కూడా కామెడీకి పనికొచ్చేదే, కాదనను. పోపట్‌లాల్ పెళ్ళి ఏళ్ళ తరబడి నడిచిన ఎదురుచూపే. గొడుగు పట్టుకుని, ప్రతి సంబంధానికీ కొత్తగా ఆశపడి, ప్రతిసారీ మొదటిసారి పోయినంత దిగులుపడే ఆ మనిషిని శ్యామ్ పాఠక్ గారు ఎంత బాగా చేస్తారు. కానీ నవ్వించే ఎదురుచూపుకు ఒక హద్దు ఉంటుంది. మొదటి పదిసార్లు నవ్వుతాం. ఆ తరువాత పాపం అనిపిస్తుంది. ఇప్పుడు సంబంధం మాట ఎత్తగానే అది చెడిపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసిపోయాక ఆ మనిషి ఆశను చూసి నవ్వడానికి మనసొప్పదు.

వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు చెప్పాలంటే చాలామందే ఉన్నారు. డాక్టర్ హాథీగా చేసిన కవి కుమార్ ఆజాద్ గారు 2018 జులైలో పోయారు. జేఠాలాల్ దుకాణంలో పనిచేసే నట్టూ కాకా, అంటే ఘనశ్యామ్ నాయక్ గారు, క్యాన్సర్‌తో బాధపడుతూ కూడా నటించి 2021 అక్టోబర్‌లో పోయారు. జీతం పెంచమని సేఠ్‌జీని అడిగే ఆ గొంతు, దుకాణంలోని ఇంకో పనివాడు బాఘాతో కలిసి ఆ పెద్దాయన అమాయకంగా నిలబడే తీరు ఇంకెవరికీ రాదు. టప్పు రెండుసార్లు మారాడు. భవ్య గాంధీ 2017లో వెళ్ళాడు, రాజ్ అనాద్కట్ 2022లో. అదే 2022లో తారక్ మెహతా పాత్ర చేసిన శైలేష్ లోఢా గారు కూడా మానేశారు. ఇది అన్నిటికన్నా పెద్ద లోటు అని నా అభిప్రాయం, దయ తరువాత. జేఠాలాల్ ఏ గొడవలో ఇరుక్కున్నా ముందు గుర్తొచ్చేది మెహతా సాబే, 'నా ఫైర్ బ్రిగేడ్' అని పిలుచుకునే స్నేహితుడు. ఆ ఇద్దరూ బాల్కనీలో నిలబడి మాట్లాడుకుంటుంటే ఏళ్ళ స్నేహం కనిపించేది. ఇప్పుడు ఆ పాత్ర చేస్తున్న సచిన్ ష్రాఫ్ గారిని తక్కువ చేయడం లేదు. ఆయన బాగానే చేస్తారు. కానీ పద్నాలుగేళ్ళ చనువు ఒక మనిషితో వెళ్ళిపోతే, ఇంకో మనిషి మొదటి రోజు నుంచి దాన్ని ఎక్కడ తెచ్చుకుంటాడు?

ఒక్కసారి జేఠాలాల్‌గా చేసే దిలీప్ జోషి గారి వైపు నుంచి చూడండి. జేఠాలాల్ చుట్టూ అల్లిన కథ ఇది. ఆయనకు భార్య లేదు. కొడుకు టప్పుగా మొదట చేసినవాడు లేడు. ప్రాణస్నేహితుడు మారిపోయాడు. దుకాణంలో నట్టూ కాకా లేడు. పాత ముఖాల్లో ఆయనకు దగ్గరగా మిగిలింది తండ్రి బాపూజీ, బాఘా. అయినా ఆయన రోజూ అదే ఉత్సాహంతో వచ్చి, ఖాళీ అయిన చోట్లన్నీ తన ముఖంతో నింపుతున్నారు. అది గొప్ప నటన. కానీ ఎంతకాలమని ఒక్క మనిషి మొత్తం సొసైటీని మోయాలి?

నటులు మారితే సీరియల్ పోతుందని నేను అనడం లేదు. మా తెలుగులోనే దానికి సాక్ష్యం ఉంది. గుణ్ణం గంగరాజు గారి 'అమృతం' 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రుళ్ళు వచ్చింది. అమృతం పాత్రే ముగ్గురు చేశారు, శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. హీరోనే మారినా జనం వదల్లేదు. ఎందుకంటే అతని స్నేహితుడు ఆంజనేయులు మారలేదు. గుండు హనుమంతరావు గారు అక్కడే ఉన్నారు, అమృతాన్ని తిడుతూ, నమ్ముతూ, మునుగుతూ. ఇంటి ఓనర్ అప్పాజీ అద్దె కోసం వస్తూనే ఉన్నాడు. సర్వం హోటల్లో సర్వ్ చేస్తూనే ఉన్నాడు. ఒక స్తంభం మార్చినా ఇల్లు నిలబడింది. మీకు అట్లా జరగలేదు. ఒకదాని తరువాత ఒకటిగా జతలన్నీ విడిపోయాయి, భార్యాభర్తల జత, తండ్రీకొడుకుల జత, స్నేహితుల జత, సేఠూ గుమాస్తాల జత. ఈ కామెడీ అంతా జతల మీదనే కదా నడిచింది.

'అమృతం' 313 ఎపిసోడ్‌లకు ఆగింది. ఆరేళ్ళలో 313. మీవి 4 వేలు ఎప్పుడో దాటాయి. 313 ఉన్న సీరియల్‌ను మా తెలుగువాళ్ళు ఇప్పటికీ యూట్యూబ్‌లో చూస్తారు, అమెరికాలో ఉన్న మా కజిన్ పిల్లలు కూడా చూస్తారు, ఆ టైటిల్ పాట వస్తే గొంతు కలుపుతారు. 2018లో గుండు హనుమంతరావు గారు పోయారు. 2020లో రెండో భాగం వచ్చింది. మా ఇంట్లో మాత్రం కొంచెం చూసి పాతదానికే వెళ్ళిపోయారు. హిందీలోనే చూడండి, 'సారాభాయ్ వర్సెస్ సారాభాయ్' మొదటిసారి వచ్చినప్పుడు దాదాపు 70 ఎపిసోడ్‌లే. ఈనాటికీ దాని డైలాగులు చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో 'సైన్‌ఫెల్డ్' అందరూ చూస్తున్న రోజుల్లోనే, ఇంకా చేయమని చానల్ అడుగుతున్నా 1998లో ఆపేశారు. తక్కువ ఉంటేనే మంచిదని కాదు నేననేది. మీకు చెప్పడానికి నిజంగా అన్ని కథలు ఉండేవి, అందుకే అంతదూరం వచ్చారు. ఇప్పుడు ఉన్నాయా అన్నదే ప్రశ్న.

రోజువారీ సీరియల్ ఎంత కథ తింటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తారక్ మెహతా గారు వారానికి ఒక కాలమ్ రాశారు. మీరు వారానికి ఐదో ఆరో ఎపిసోడ్‌లు ఇవ్వాలి. 'అమృతం'లో ఒక ఆలోచన ఒక ఆదివారంలో, మహా అయితే రెండు ఆదివారాల్లో అయిపోయేది. మీ దగ్గర అదే ఆలోచన పదిహేను రోజులు సాగుతోంది. అమ్మ పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది ఎట్లా సాగుతోందో. కాంపౌండ్‌లో అందరూ నిలబడి ఉంటారు. భిడే ఒక మాట చెప్తాడు. కెమెరా సోఢీ ముఖం మీదకు పోతుంది, ఆయన "ఏం చెప్తున్నావ్ భిడే" అంటాడు. తరువాత అయ్యర్, ఆయనా అదే. తరువాత హాథీ, తరువాత పోపట్‌లాల్, తరువాత ఆడవాళ్ళు. ఒక్కొక్కరికీ వెనక ఒక టింగుమనే శబ్దం. ఈలోగా ప్రకటనలు. ప్రకటనలయ్యాక భిడే అదే మాట మళ్ళీ చెప్తాడు, అప్పుడే వచ్చిన కొట్టు నడిపే అబ్దుల్ కోసం. కథ గేటు దాటి బయటకు పోదు, ఎపిసోడ్ మాత్రం అయిపోతుంది. మొదటి రోజుల్లో ఇదే కాంపౌండ్‌లో ఇదే మనుషులు పోట్లాడుకుంటే ఒక్కొక్కరూ ఒక్కో రకంగా మాట్లాడేవారు. భిడే లెక్కలు తీసేవాడు, సోఢీ చెయ్యెత్తేవాడు, అయ్యర్ జేఠాలాల్ మీద ఉన్న ఎప్పటి కోపాన్నో బయటపెట్టేవాడు. ఇప్పుడు అందరి నోటా ఒకే మాట. మీ రచయితలకు చేతకాక కాదిది, వాళ్ళు అలసిపోయారు. ఎవరైనా అలసిపోతారు.

పిల్లల సంగతి కూడా అంతే. టప్పు సేన అల్లరి చేసినప్పుడు వాళ్ళు నిజంగా పిల్లలు. తాత చంపక్‌లాల్ వెనక దాక్కునే వయసు. పెద్దయ్యాక అదే అల్లరికి ఆ తియ్యదనం ఉండదు. కాలేజీ పిల్లలకు కాలేజీ పిల్లల కథలు కావాలి, అవి చెప్పాలంటే గోకుల్‌ధామ్ మారాలి, మారితే గోకుల్‌ధామ్ కాదు. ఈ ముడి విప్పడం ఎవరివల్లా కాదు.

మీ సెట్ మీద ఆధారపడి బతికేవాళ్ళ గురించి నాకు ఆలోచన లేదనుకోకండి. లైట్లు మోసేవాళ్ళు, మేకప్ చేసేవాళ్ళు, టీ అందించేవాళ్ళు, గోరేగావ్ ఫిల్మ్ సిటీకి రోజూ లోకల్ పట్టుకుని వచ్చేవాళ్ళు. మగ్గం ఆగిపోతే ఇంట్లో ఏమవుతుందో భీవండిలో కళ్ళారా చూసినదాన్ని. నాన్న పనిచేసిన కార్ఖానా ఒకసారి మూతపడింది. ముందు రోజు రాత్రి దాకా ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే పనికి పోయి, తాళం చూసి తిరిగొచ్చాడు. టిఫిన్ డబ్బా తెరవకుండానే అమ్మ చేతిలో పెట్టాడు. ఆ రోజు నాన్న మొహం నాకిప్పటికీ గుర్తే. అందుకే ఏడాది ముందు చెప్పమంటున్నాను. ఏడాది ముందు తెలిస్తే ఇంకో పని చూసుకుంటారు, పిల్లల ఫీజులకు దాచుకుంటారు. రేటింగ్ పడిపోయి ఒక రోజు చానలే వద్దంటే అప్పుడు వాళ్ళకు వారం కూడా దొరకదు. మెల్లగా తగ్గిపోయే సీరియల్‌లో అందరికన్నా ముందు రోడ్డున పడేది వాళ్ళే.

ఇక అమ్మ మాట. ఆమెకు నష్టమని ఇన్నేళ్ళు నేను నోరు మూసుకున్నానని చెప్పాను కదా. నా కళ్ళు తెరిపించింది లాక్‌డౌన్. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. జులైలో మళ్ళీ కొత్తవి వచ్చేదాకా మీరు పాత ఎపిసోడ్‌లే వేశారు. నేను అప్పుడు సిరిసిల్లలోనే ఇరుక్కుపోయి ఆ నాలుగు నెలలూ అమ్మతోనే ఉన్నాను. కొత్తవి రావడం లేదని ఆమె బెంగపడుతుందేమో అనుకున్నాను. ఒక్కరోజు కూడా అడగలేదు. పైగా ఇల్లంతా నవ్వులు. దయ ఉంది, చిన్న టప్పు ఉన్నాడు, మెహతా సాబ్ ఉన్నారు, నట్టూ కాకా కౌంటర్ వెనక నిలబడి ఉన్నాడు. తరువాత ఏం జరుగుతుందో అమ్మకు తెలుసు, అయినా ముందే చెప్పి మరీ నవ్వేది. "ఇగ సూడు, ఇప్పుడు బాపూజీ వస్తడు" అనేది. బాపూజీ వచ్చేవాడు. ఫలానా దృశ్యంలో జేఠాలాల్ జిలేబీ నోట్లో పెట్టుకోబోతుండగా ఫోన్ మోగుతుందని కూడా చెప్పేది.

ఇప్పుడు కూడా పగలంతా ఆమె చూసేది పాతవే, చానల్‌లో వచ్చే రిపీట్‌లు. రాత్రి ఎనిమిదిన్నరకు కొత్తది చూస్తుంది, అది అలవాటు. పగలు చూసేటప్పుడు నవ్వుతుంది. రాత్రి చూసేటప్పుడు ఎదురుచూస్తుంది. రెండింటికీ తేడా ఫోన్‌లో ఆమె గొంతు వింటేనే నాకు తెలిసిపోతుంది.

మీరు కొత్తవి తీయడం ఆపితే పాతవి ఎక్కడికీ పోవు. 4 వేలకు పైగా ఎపిసోడ్‌లు ఉన్నాయి. రోజుకొకటి చొప్పున చూసినా పదేళ్ళు దాటుతుంది. మా అమ్మకు లోటేమీ రాదు. ఆమెకు రాకుండా పోయేది ఆ ఎదురుచూపు ఒక్కటే, అది పోవాలనే నేను కోరుకుంటున్నాను. పిల్లల కోసం మీరు 2021లో కార్టూన్ కూడా తెచ్చారు, అందులో టప్పు ఎప్పటికీ చిన్నవాడే. అది నడుపుకోండి. పేరు నిలబడుతుంది.

ఎట్లా ముగించాలో చెప్పేంత పెద్దదాన్ని కాదు. కానీ ఇన్నేళ్ళు చూసినదాన్ని కాబట్టి కొన్ని కోరికలు ఉన్నాయి. పోపట్‌లాల్‌కు పెళ్ళి చేయండి. ఏ ఆటంకం లేకుండా, చివరి నిమిషంలో ఎవరూ పరిగెత్తుకు రాకుండా, తలంబ్రాలు పడేదాకా చూపించండి. పెళ్ళి వారం రోజులు సాగినా విసుక్కోం, ఆ సాగతీత మాకు ఇష్టమే. భిడేను ఒక్కసారి సొసైటీ అంతా కలిసి సన్మానించండి, 'ఏక్‌మేవ్ సెక్రటరీ' అని ఆయన తనకు తాను చెప్పుకోవడమే కానీ ఎవరూ ఆయనతో అనలేదు. జేఠాలాల్ దుకాణం గడా ఎలక్ట్రానిక్స్‌లో నట్టూ కాకా కుర్చీ ఒకటి ఉంచండి. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, అది కనిపిస్తే చాలు.

దయ విషయంలో మాత్రం నాకు ఏమీ తోచలేదు. కొత్త నటిని పెట్టండి అనడానికి మనసు రాదు, ఆమె రాకుండానే ముగించండి అనడానికీ రాదు. పోయిన ఆదివారం ఫోన్‌లో అమ్మనే అడిగాను, ఈ సీరియల్ అయిపోవాల్సి వస్తే ఎట్లా అయిపోతే బాగుంటుందని. ఆమె ఆలోచించడానికి కూడా ఆగలేదు. ఎప్పటినుంచో మనసులో పెట్టుకున్నట్టు చెప్పింది.

"ఆమె రావుడెందుకు? తల్లి దగ్గరున్నది, ఉండనీ. ఈయననే పొమ్మను. దుకాణం బాఘాకు అప్పజెప్పి, బాపూజీని తోలుకొని, అహ్మదాబాద్ రైలెక్కుమను. సొసైటోళ్ళందరు స్టేషన్‌కు వచ్చి చెయ్యి ఊపాలె. రైలు కదలాలె. దయ మొకం చూపియ్యకున్నా మంచిదే. తలుపు కొట్టినంక లోపలికెల్లి ఒక్కసారి 'టప్పు కే పాపా' అని వినబడితే సాలు."